రాత్రి బ్యాకప్ స్క్రిప్టు: రాయడం నుంచి రీస్టోర్ చేసి చూసుకునే దాకా

"అన్నా, బ్యాకప్ స్క్రిప్టు ఒకటి పంపండి" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. స్క్రిప్టు పంపడం పెద్ద పని కాదు, ముప్పై లైన్లకు మించదు. కానీ దాని చుట్టూ చేయాల్సిన పని చేయకపోతే, స్క్రిప్టు ఉంది కదా అన్న ధీమాయే ఒకరోజు ముంచుతుంది. అందుకే మొత్తం పనిని వరుసగా రాస్తున్నాను.

ఇది ఒక ఉబుంటు లేదా డెబియన్ సర్వర్ చూసుకునేవాళ్ళ కోసం. దాని మీద పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒకటి, జనం అప్‌లోడ్ చేసే ఫైళ్ళ ఫోల్డర్ ఒకటి ఉంటాయనుకుందాం. కాలేజీ ఫీజులు, క్లినిక్ అపాయింట్‌మెంట్లు, రైస్ మిల్లు బిల్లింగ్... మన ఊళ్ళలో నడిచే చిన్న సర్వర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కమాండ్లను మనం పలికేటట్టే రాస్తున్నాను. ప్రతి కమాండ్‌నీ వాడే ముందు దాని మ్యాన్ పేజీ (‘మ్యాన్’ కమాండ్ చూపించే వివరణ) ఒకసారి తెరిచి చూడండి.

1. టెర్మినల్ తెరవక ముందు

సర్వర్ ఎవరిదో వాళ్ళతో పది నిమిషాలు కూర్చుని రెండు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలరు? రాత్రికి ఒక్క బ్యాకప్పే ఉంటే, సాయంత్రం 6 గంటలకు డిస్క్ పోయినప్పుడు ఆ రోజు పనంతా పోయినట్టే. రోజుకు ఇరవై బిల్లులు కొట్టే షాపు వాటిని మళ్ళీ ఎక్కించుకోగలదు. అడ్మిషన్ల సీజన్లో ఉన్న కాలేజీ వల్ల కాదు. అలాంటిచోట గంటకోసారి డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా తీసే కాపీ) తీయాలి, లేదా పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ రాసుకునే వాల్ ఫైళ్ళను ఎప్పటికప్పుడు బయటికి పంపే ఏర్పాటు చేయాలి.

రెండోది: కూలిపోయాక ఎంతసేపట్లో మళ్ళీ నడవాలి? "అరగంట" అంటే ఒక ఖర్చు, "రేపు పొద్దున" అంటే ఇంకో ఖర్చు. ఇద్దరూ ఒప్పుకున్న జవాబును రాతలో పెట్టుకోండి. కూలిన రోజు టెన్షన్‌లో ఎవరికీ పాత మాట గుర్తుండదు.

తర్వాత ఏమేం దాచాలో జాబితా వేయండి. డేటాబేస్, అప్‌లోడ్లు అందరికీ గుర్తుంటాయి. మిగతావే మర్చిపోతారు:

☐ డేటాబేస్ యూజర్లు, వాళ్ళ అధికారాలు (మామూలు డంప్‌లో ఇవి రావు)
☐ అప్లికేషన్ డాట్ ఎన్వ్ ఫైల్ (సెట్టింగులు, పాస్‌వర్డ్‌లు ఉండేది), అందులోని కీలు
☐ ఈటీసీ డైరెక్టరీ: ఇంజిన్‌ఎక్స్ సెట్టింగులు, సర్టిఫికెట్లు, క్రాన్ (చెప్పిన టైమ్‌కు కమాండ్ నడిపేది) ఫైళ్ళు, సిస్టమ్‌డీ యూనిట్లు (సర్వీసుల సెట్టింగులు)
☐ ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల జాబితా, డేటాబేస్ వెర్షన్ నంబర్
☐ డొమైన్, డీఎన్ఎస్ ఎవరి అకౌంట్‌లో ఉన్నాయో ఒక నోటు

డాట్ ఎన్వ్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్కుల్లో ఎన్‌క్రిప్ట్ చేసిన కాలమ్స్ ఆ యాప్ కీతోనే తెరుచుకుంటాయి. డేటాబేస్ చెక్కుచెదరకుండా తిరిగొచ్చినా, కీ పోతే ఆ కాలమ్స్‌లో ఉన్నది మళ్ళీ చదవలేం.

చివరగా, డంప్‌ను చేత్తో ఒకసారి తీసి ‘టైమ్’ కమాండ్‌తో ఎంతసేపు పట్టిందో, ఫైల్ ఎంత సైజు వచ్చిందో రాసుకోండి. రోజువారీ బ్యాకప్‌లు రెండు వారాలవి ఉంచుతాం కాబట్టి ఆ సైజును పద్నాలుగుతో గుణించి, ‘డీఎఫ్ -హెచ్’ చూపించే ఖాళీతో పోల్చండి. సరిపోకపోతే ఇప్పుడే తెలుస్తుంది. లేకపోతే బ్యాకప్పే డిస్క్ నింపేసి, పనిచేస్తున్న డేటాబేస్‌ను ఆపేస్తుంది. ఇలా జరిగిన సర్వర్లు నేను చూశాను.

2. చోటు, యూజర్, పర్మిషన్లు

బ్యాకప్‌కు విడిగా ఒక యూజర్‌ను తయారుచేయండి. డేటాబేస్‌లో ఆ యూజర్‌కు చదివే అధికారం మాత్రమే ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ‘పీజీ రీడ్ ఆల్ డేటా’ అనే రోల్ సిద్ధంగా ఉంది, అది చాలు.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాయకండి. పోస్ట్‌గ్రెస్‌కు డాట్ పీజీపాస్ ఫైల్, మైఎస్‌క్యూఎల్‌కు డాట్ మై డాట్ సీఎన్ఎఫ్ ఫైల్ వాడండి. పీజీపాస్ ఫైల్ పర్మిషన్ 0600 ఉండాలి. ఇతరులు చదవగలిగేలా ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైల్‌ను పక్కన పెట్టేస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గా రాసినా లాగిన్ కావడం లేదని వచ్చే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు ఇదే.

బ్యాకప్ డైరెక్టరీ 0700లో పెట్టండి. డంప్ అంటే మీ కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే ఫైల్లో ఉన్నట్టు. అది వెబ్ సర్వర్ చూపించే ఫోల్డర్ కింద ఎప్పుడూ ఉండకూడదు.

3. స్క్రిప్టు పైన ఉండాల్సిన లైన్లు

స్క్రిప్టు పని మొదలుపెట్టక ముందే ఈ క్రమంలో జాగ్రత్తలు పెట్టండి:

1. మొదటి లైన్‌లో బాష్ పేరు. రెండో లైన్ ‘సెట్ -ఈయూఓ పైప్‌ఫెయిల్’, అంటే కమాండ్ తప్పితే స్క్రిప్టు ఆగిపోవాలని.
2. పాత్ వేరియబుల్‌ను మీరే పూర్తిగా రాయండి. క్రాన్ ఇచ్చే పాత్ చాలా చిన్నది.
3. ‘యూమాస్క్ 077’. తయారయ్యే ప్రతి ఫైల్ మీకు మాత్రమే కనిపిస్తుంది.
4. ‘ఎఫ్‌లాక్ -ఎన్’తో తాళం. నిన్నటి బ్యాకప్ ఇంకా నడుస్తుంటే ఇవాళ్టిది మొదలుకాదు.
5. డైరెక్టరీ, తేదీ, డేటాబేస్ పేరు: అన్నీ పైనే వేరియబుల్స్‌గా.
6. ‘ట్రాప్’: స్క్రిప్టు ఎక్కడ ఆగినా సగం రాసిన ఫైల్‌ను తీసేసి, ఏ లైన్‌లో ఆగిందో లాగ్‌లో రాసేలా.

ఇందులో ‘పైప్‌ఫెయిల్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు అది చాలా ఖరీదైన పాఠం.

ఒక కాలేజీ ఫీజుల సర్వర్ చూసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ఫోన్: "సార్, రశీదులు కనిపించడం లేదు." డిస్క్ పోయింది. బ్యాకప్ ఫోల్డర్ తెరిచాను. రోజుకొకటి చొప్పున తేదీల పేర్లతో ఫైళ్ళన్నీ వరుసగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత సైజు ఉండే వరుస మీద కన్ను పడింది. 20. దాని కింద 20. ఇంకా కింద 20. పైకి జరుపుకుంటూ పోతే నలభై ఒక్క రాత్రులు ఇరవై బైట్లే. ఖాళీ ఇన్‌పుట్‌ను జీజిప్ చేస్తే వచ్చే ఫైల్ సైజు సరిగ్గా అంతే.

జరిగింది ఇది: ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. ‘పీజీ డంప్’ ప్రతి రాత్రీ తప్పింది. దాని అవుట్‌పుట్‌ను అందుకునేలా వెనక పైపుతో కట్టిన ‘జీజిప్’ మాత్రం, తనకు ఏమీ రాకపోయినా, పని ముగించి 0 (అంటే అంతా సవ్యం) అనే ఎగ్జిట్ కోడ్ ఇచ్చింది. పైపులో చివరి కమాండ్ కోడ్‌నే షెల్ చూస్తుంది. ‘పైప్‌ఫెయిల్’ ఉంటే మధ్యలో ఏది తప్పినా మొత్తం తప్పినట్టు లెక్క. ఆ ఒక్క మాట నా స్క్రిప్టులో లేదు. పైగా ఎర్రర్లను డెవ్ నల్‌కు (ఏది పంపినా మాయమయ్యే చోటు) పంపాను. కాగితం రశీదు పుస్తకాలు చూసి నలభై ఒక్క రోజుల లెక్కలు ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఎక్కించారు. ఆ రోజుల్లో వాళ్ళ మొహాలు చూడలేకపోయాను.

అందుకే బ్యాకప్ స్క్రిప్టులో ఎర్రర్లను డెవ్ నల్‌కు ఎప్పుడూ పంపవద్దు. లాగ్ ఫైల్‌కు పంపండి.

‘సెట్ -ఈ’ మీద కూడా పూర్తిగా ఆధారపడకండి. ‘ఇఫ్’ షరతు లోపల, ‘అండ్ అండ్’ గొలుసు మధ్యలో కమాండ్ తప్పినా స్క్రిప్టు ఆగదు. ఫంక్షన్ లోపల ‘లోకల్’ ప్రకటన, కమాండ్ ఫలితం తీసుకోవడం రెండూ ఒకే లైన్‌లో రాస్తే తప్పు కనపడకుండా పోతుంది. ఆ రెండింటినీ రెండు లైన్లుగా రాయండి. రాశాక ‘షెల్‌చెక్’ నడపండి, ఇలాంటివి చాలావరకు అదే పట్టిస్తుంది.

4. డేటాబేస్ డంప్

పోస్ట్‌గ్రెస్ అయితే ‘పీజీ డంప్ -ఎఫ్‌సీ’, అంటే కస్టమ్ ఫార్మాట్. అది తనంతట తానే కుదించుకుంటుంది, కాబట్టి జీజిప్ పైపు అక్కర్లేదు. రీస్టోర్‌లో ఒక్క టేబుల్‌నే తీసుకోవచ్చు. దాంతోపాటు యూజర్ల కోసం ‘పీజీ డంపాల్ --గ్లోబల్స్-ఓన్లీ’ విడిగా తీయండి. ఇది పాస్‌వర్డ్ హాష్‌లను కూడా చదవాలి కాబట్టి పోస్ట్‌గ్రెస్ సూపర్ యూజర్‌తోనే నడపండి.

మైఎస్‌క్యూఎల్ అయితే ‘మైఎస్‌క్యూఎల్ డంప్’కు ‘--సింగిల్-ట్రాన్సాక్షన్’ తప్పనిసరి. అది ఇన్నోడీబీ టేబుళ్ళను లాక్ చేయకుండా ఒకే క్షణం నాటి ఫోటోలా తీస్తుంది. ‘--రొటీన్స్’, ‘--ఈవెంట్స్’ కూడా చేర్చండి. ట్రిగ్గర్లు అడక్కుండానే వస్తాయి, స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు అడిగితేనే వస్తాయి.

వెర్షన్ చూసుకోండి. ‘పీజీ డంప్’ తనకంటే కొత్త మేజర్ వెర్షన్ సర్వర్‌ను డంప్ చేయడానికి ఒప్పుకోదు. డేటాబేస్ అప్‌గ్రేడ్ చేసి టూల్స్ మర్చిపోతే ఆ రాత్రి నుంచే బ్యాకప్ ఆగిపోతుంది. కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో 2017 జనవరి 31న డేటా పోయినప్పుడు బయటపడింది ఇదే. సర్వర్ 9.6, డంప్ తీసే టూల్ 9.2. అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో ఉండాల్సిన డంప్‌లు లేవు. తప్పిందని చెప్పే ఈమెయిల్స్‌ను డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనా అని చూసే ఏర్పాటు) సరిగ్గా లేక మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. సుమారు ఆరు గంటల ముందు ఒక ఇంజినీర్ వేరే పని కోసం తీసుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి అక్కడిదాకా తిరిగి తెచ్చుకోగలిగారు. అంత పెద్ద టీమ్‌కే జరిగింది. ఒక్కడే అడ్మిన్ ఉన్న మనలాంటివాళ్ళం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

డంప్‌ను అసలు పేరుతో నేరుగా రాయకండి. చివర ‘డాట్ పార్ట్’ తగిలించి రాయండి, పరీక్షలు పాసయ్యాకే పేరు మార్చండి. అప్పుడు ఫోల్డర్‌లో అసలు పేరుతో ఉన్న ప్రతి ఫైల్ పూర్తయిందే.

పరీక్షలు ఇవి:

☐ సైజు నిన్నటి దాంట్లో 80 శాతం కంటే తగ్గిందా? తగ్గితే ఆపి అలర్ట్ పంపు
☐ పోస్ట్‌గ్రెస్: ‘పీజీ రీస్టోర్ -ఎల్’తో లోపలి జాబితా చదవగలుగుతోందా?
☐ మైఎస్‌క్యూఎల్: ‘జీజిప్ -టీ’ పాసయిందా? విప్పి చూస్తే చివరి లైన్‌లో ‘డంప్ కంప్లీటెడ్’ అని ఉందా?
☐ ‘షా256సమ్’ (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) లెక్కించి పక్కన ఫైల్లో రాశామా?

80 శాతం అనేది నేను పెట్టుకున్న గీత. పాత రికార్డులను తరచూ తీసేసే అప్లికేషన్ అయితే మీరు తగ్గించుకోవచ్చు.

5. ఫైళ్ళు

డేటాబేస్ అయ్యాకే ఫైళ్ళు, ఈ క్రమం మార్చకండి. ముందు ఫైళ్ళు కాపీ చేసి తర్వాత డంప్ తీస్తే, మధ్యలో ఎవరైనా మార్కుల మెమో అప్‌లోడ్ చేసినప్పుడు డంప్‌లో దాని వివరం ఉంటుంది, ఫైల్ మాత్రం ఉండదు. ముందు డంప్ తీస్తే మహా అయితే ఒకటి రెండు ఫైళ్ళు ఎక్కువ ఉంటాయి. వాటివల్ల నష్టం లేదు.

కాపీకి ‘ఆర్‌సింక్ -ఏ’. ఇక్కడ రెండు చోట్ల జనం దెబ్బతింటారు.

ఒకటి, సోర్స్ చివర స్లాష్. స్లాష్ ఉంటే ఫోల్డర్ లోపలివి కాపీ అవుతాయి, లేకపోతే ఫోల్డరే కాపీ అవుతుంది. ముందు ‘--డ్రై-రన్’తో చూసుకోండి.

రెండు, ‘--డిలీట్’. అప్‌లోడ్లు వేరే డిస్క్ మీద ఉండి, రీబూట్ తర్వాత అది మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కు జతపడలేదు అనుకోండి. సోర్స్ ఖాళీ ఫోల్డర్‌లా కనిపిస్తుంది. ఆర్‌సింక్ దాన్ని నమ్మి మీ బ్యాకప్‌ను కూడా ఖాళీ చేసేస్తుంది. అందుకే ఆర్‌సింక్ పైన ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ పెట్టి, మౌంట్ లేకపోతే స్క్రిప్టు ఆగిపోయేలా చూడండి.

6. సర్వర్ బయటికి పంపడం

అదే సర్వర్ మీద ఉన్న కాపీ పొరపాటున టేబుల్ డిలీట్ చేసినప్పుడు పనికొస్తుంది. డిస్క్ పోతే, సర్వర్‌లోకి దొంగ చొరబడితే అది కూడా పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి బయట అన్న పాత లెక్కే ఇప్పటికీ సరైంది. క్లౌడ్‌లో ఉన్నవాళ్ళు సర్వర్ ముంబై రీజియన్‌లో ఉంటే కాపీ హైదరాబాద్ రీజియన్‌లో పెట్టుకోవచ్చు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కు రెండు చోట్లా రీజియన్లు ఉన్నాయి. వీలైతే అకౌంట్ కూడా వేరుగా ఉంచండి.

పంపడానికి నేను రెస్టిక్ అనే బ్యాకప్ టూల్ వాడతాను. అది ఎన్‌క్రిప్ట్ చేసి, మారిన ముక్కలనే పంపుతుంది. కానీ దాని పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, ఎవరూ తెరవలేరు. ఆ పాస్‌వర్డ్‌ను సర్వర్‌తోపాటు ఇంకో రెండు చోట్ల ఉంచండి: మీ పాస్‌వర్డ్ మేనేజర్‌లో, యజమాని బీరువాలో సీలు వేసిన కవర్లో.

సర్వర్ దగ్గర ఉన్న కీతో బ్యాకప్‌లను చెరిపే వీలు ఉండకూడదు. రాన్సమ్‌వేర్‌తో (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వచ్చినవాడు ముందుగా వెతికేది బ్యాకప్‌లనే. ఎస్3లో చెరపకుండా ఆపే ఆబ్జెక్ట్ లాక్ పెట్టవచ్చు. రెస్టిక్ సొంత రెస్ట్ సర్వర్‌ను అపెండ్-ఓన్లీలో (చేర్చడమే, చెరపడం ఉండదు) నడపవచ్చు. ఇంకా సులువు కావాలంటే, ఆఫీసులో ఉన్న వేరే మెషీనే సర్వర్ నుంచి కాపీ లాక్కునేలా పెట్టండి. అప్పుడు సర్వర్‌కు ఆ మెషీన్ పాస్‌వర్డే తెలియదు.

7. పాతవి తీసేయడం

ఇది స్క్రిప్టులో బయటికి పంపడం తర్వాతే రావాలి. పైన ఏది తప్పినా స్క్రిప్టు ఇక్కడిదాకా రాదు కాబట్టి, కొత్తవి రాని రోజుల్లో పాతవి పోవు.

‘ఫైండ్’ వాడితే ‘-డిలీట్’ అన్నది లైన్ చివరే ఉండాలి. షరతులకు ముందు రాస్తే షరతులు చూడకుండా అన్నీ చెరిపేస్తుంది. మొదట ‘-ప్రింట్’తో నడిపి జాబితా చూసుకోండి. ‘-ఎంటైమ్ +14’ అంటే పద్నాలుగు రోజులు దాటినవి కాదు, పదిహేను రోజులు నిండినవి. డిస్క్ లెక్క వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎక్కడైనా ‘ఆర్ఎం -ఆర్ఎఫ్’ రాయాల్సి వస్తే, వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెట్టే బాష్ పద్ధతి వాడండి. వేరియబుల్ ఖాళీగా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది.

ఎన్నాళ్ళు ఉంచాలి? నేను రోజువారీ 14, వారానివి 8, నెలవి 12 ఉంచుతాను. నెలవి దేనికంటే, లెక్కల్లో తప్పులు చాలాచోట్ల మార్చి 31 దగ్గరపడ్డాకే బయటపడతాయి. ఆగస్టులో చెడిపోయిన టేబుల్‌కు మార్చిలో పద్నాలుగు రోజుల బ్యాకప్‌లు ఏం చేస్తాయి?

8. క్రాన్‌లో పెట్టడం

ముందు ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ నడిపి సర్వర్ టైమ్ చూడండి. క్లౌడ్ సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. క్రాన్‌లో 2:30 అని రాస్తే అది మనకు ఉదయం 8 గంటలు, సరిగ్గా కౌంటర్లు తెరిచే వేళ. మన రాత్రి 2:30కి నడవాలంటే అక్కడ 21:00 అని రాయాలి. అప్పుడు యూటీసీ తేదీ ఇంకా నిన్నటిదే ఉంటుంది కాబట్టి ఫైల్ పేరులో తేదీ తికమక పెడుతుంది. స్క్రిప్టు పైన టీజెడ్ వేరియబుల్‌ను ఏషియా/కోల్‌కతాగా పెట్టుకుంటే సరిపోతుంది.

‘క్రాన్‌టాబ్ -ఈ’ కంటే ఈటీసీ కింద ఉన్న క్రాన్ డాట్ డీ డైరెక్టరీలో ఫైల్ పెట్టడమే మేలు. కీబోర్డు మీద ఈ పక్కనే ఆర్ ఉంటుంది. ‘క్రాన్‌టాబ్ -ఆర్’ ఒక్క మాట అడక్కుండా మొత్తం చెరిపేస్తుంది. ఫైల్ అయితే గిట్‌లో కూడా ఉంచుకోవచ్చు. ఈ పద్ధతిలో మూడు జాగ్రత్తలు:

☐ టైమ్ తర్వాత యూజర్ పేరు రాయాలి
☐ డెబియన్, ఉబుంటుల్లో ఫైల్ పేరులో చుక్క ఉంటే క్రాన్ దాన్ని చదవదు
☐ లైన్‌లో శాతం గుర్తును క్రాన్ కొత్త లైన్‌గా తీసుకుంటుంది. తేదీ లెక్కలు స్క్రిప్టు లోపలే పెట్టండి

ఆ టైమ్‌కు సర్వర్ ఆగి ఉంటే క్రాన్ ఆ రాత్రిని వదిలేస్తుంది. కరెంటు పోయే ఆఫీసు సర్వర్లకు సిస్టమ్‌డీ టైమర్ మంచిది. ‘పర్సిస్టెంట్’ను ట్రూ చేస్తే, మిస్సయిన బ్యాకప్‌ను సర్వర్ లేవగానే నడుపుతుంది.

9. చప్పుడు లేకపోవడాన్ని పసిగట్టడం

అలర్ట్ రాలేదంటే అంతా బాగుందని అర్థం కాదు. అలర్ట్ పంపాల్సినదే పడిపోయి ఉండవచ్చు. క్రాన్ పంపే మెయిల్‌ను నమ్ముకున్నవాళ్ళు ఒకసారి సిస్టమ్ లాగ్ చూడండి. మెయిల్ ప్రోగ్రామ్ లేని డెబియన్ సర్వర్లలో ‘నో ఎమ్‌టీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’ అన్న లైన్ కనపడుతుంది. అంటే ఎర్రర్‌ను క్రాన్ చెత్తబుట్టలో వేసింది.

అందుకే లెక్క తిరగేయండి. తప్పినప్పుడు చెప్పమనడం కాదు, పూర్తయినప్పుడు చెప్పమనండి. స్క్రిప్టు చివరి లైన్‌లో ‘కర్ల్’తో ఒక అడ్రస్‌ను తట్టాలి. అవతలి సర్వీసు 26 గంటల్లోపు ఆ తట్టుడు వినకపోతే మీ ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. హెల్త్‌చెక్స్ ఇలాంటిదే. అప్‌టైమ్ కూమాలో పుష్ మానిటర్ కూడా ఇదే పని చేస్తుంది. కూమాను మీరే నడుపుకుంటే అదే సర్వర్ మీద పెట్టకండి.

పెట్టాక పరీక్షించండి. ఒక రాత్రి కావాలని డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పు పెట్టి పడుకోండి. పొద్దున ఫోన్‌లో అలర్ట్ కనిపిస్తేనే ఈ మెట్టు పూర్తయినట్టు.

10. రీస్టోర్ రిహార్సల్

బ్యాకప్ ఉందా అని నన్ను ఎవరైనా అడిగితే, చివరిసారి రీస్టోర్ చేసిన తేదీ చెబుతాను. ఇంకో జవాబు నా దగ్గర లేదు. మూడు నెలలకోసారి, డేటాబేస్ అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ ఇది చేయండి. మధ్యాహ్నం పూట, టీ తాగి, తాపీగా కూర్చుని చేసే పని ఇది.

1. వేరే మెషీన్ తీసుకోండి. గంటల లెక్కన అద్దెకు దొరికే వీఎమ్ (వర్చువల్ మెషీన్) చాలు. అసలు సర్వర్ మీద ఎప్పుడూ వద్దు.

2. ముందు దాని బయటి దారులు మూసేయండి. రీస్టోర్ చేసిన కాపీలో కూడా క్రాన్ ఉంటుంది, ఎస్ఎమ్ఎస్ గేట్‌వే కీ ఉంటుంది. అప్లికేషన్ లేవగానే వందలమంది తల్లిదండ్రులకు "ఫీజు బాకీ ఉంది" అని పాత మెసేజ్‌లు వెళ్ళగలవు. ఎస్ఎమ్ఎస్, ఈమెయిల్, పేమెంట్ కీలను డాట్ ఎన్వ్‌లో మార్చాకే అప్లికేషన్ స్టార్ట్ చేయండి.

3. రెండు టెర్మినళ్ళు తెరిచి ఉంటే రంగులు మార్చండి. అసలు సర్వర్ ప్రాంప్ట్ ఎరుపు. గిట్‌ల్యాబ్‌లో డేటా డైరెక్టరీ పోయింది కూడా పక్క సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద కమాండ్ కొట్టడం వల్లే.

4. ఫైల్‌ను బయటి కాపీ నుంచే దించుకోండి. లోపలి కాపీతో చేస్తే సగం పరీక్షే. రెస్టిక్ పాస్‌వర్డ్‌ను కూడా బీరువా కవర్‌లో ఉన్న కాగితం చూసే టైపు చేయండి. చాలాచోట్ల పని ఇక్కడే ఆగిపోతుంది.

5. వాచీ మొదలుపెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో ముందు గ్లోబల్స్ (యూజర్ల డంప్), తర్వాత ఖాళీ డేటాబేస్, తర్వాత ‘పీజీ రీస్టోర్’ను ‘--ఎగ్జిట్-ఆన్-ఎర్రర్’తో. ఎక్స్‌టెన్షన్ దొరకలేదని ఆగితే, ఆ ప్యాకేజీ పేరును మీ నోట్సులో చేర్చుకుని మళ్ళీ మొదలుపెట్టండి. పూర్తయ్యాక ‘ఎనలైజ్’ నడపండి, లేకపోతే క్వెరీలు నత్తనడక నడుస్తాయి.

6. లెక్కలు చూడండి. ముఖ్యమైన మూడు టేబుళ్ళలో వరుసల సంఖ్య, అన్నిటికంటే చివరి రశీదు టైమ్. ఆ టైమ్ బ్యాకప్ వేళకు దగ్గరగా ఉండాలి.

7. అప్లికేషన్ తెరిచి, మామూలు యూజర్‌లా లాగిన్ అయి, ఒక రశీదు ప్రింటు తీయండి, అప్‌లోడ్ చేసిన ఒక ఫోటో తెరవండి. ఫోటో తెరుచుకుంటేనే డేటాబేస్, ఫైళ్ళు రెండూ కుదిరినట్టు.

8. ఎంతసేపు పట్టిందో రాయండి. మొదటి మెట్టులో "అరగంట" అని ఒప్పుకుని, ఇక్కడ మూడు గంటలు పడితే యజమానికి ఇవాళే చెప్పండి.

9. వీఎమ్‌ను పూర్తిగా చెరిపేయండి. అందులో ఉన్నది జనం అసలు డేటా.

11. తరచూ అడిగే చిక్కులు

*చేత్తో నడిపితే వస్తుంది, క్రాన్‌లో రాదు.* నూటికి తొంభైసార్లు పాత్, లేదా హోమ్ డైరెక్టరీ తేడా. ‘ఎన్వ్ -ఐ’తో ఖాళీ వాతావరణంలో స్క్రిప్టును నడిపితే అదే ఎర్రర్ మీ కళ్ళ ముందే వస్తుంది.

*బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటోంది.* స్క్రిప్టును విండోస్‌లో రాసి ఉంటారు, లైన్ల చివర విండోస్ గుర్తు చేరి ఉంటుంది. ‘డాస్2యూనిక్స్’ నడపండి.

*డిస్క్ నిండిందంటోంది, డీఎఫ్‌లో ఖాళీ ఉంది.* ‘డీఎఫ్ -ఐ’ చూడండి. చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే ఐనోడ్లు (ఫైల్‌కొకటి చొప్పున డిస్క్ పెట్టుకునే నమోదులు) అయిపోతాయి. పాత సెషన్ ఫైళ్ళు ఎక్కువగా దొరికే దొంగలు.

*పెద్ద లాగ్ చెరిపాను, అయినా ఖాళీ రాలేదు.* ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా పట్టుకుని ఉంది. ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ చూపిస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

*బ్యాకప్ టైమ్‌లో సైట్ నెమ్మదిస్తోంది.* డంప్‌ను ‘నైస్’, ‘ఐఓనైస్’లతో నడపండి. చాలకపోతే రెప్లికా (అసలు డేటాబేస్‌ను ఎప్పటికప్పుడు అనుసరించే ఇంకో సర్వర్) పెట్టి అక్కడి నుంచి తీయండి. రెప్లికానే బ్యాకప్ అనుకోవద్దు. అసలు దాంట్లో టేబుల్ చెరిపితే క్షణంలో అక్కడా చెరిగిపోతుంది.

12. నిజంగా కూలిన రోజు

ఈ మెట్లను కాగితం మీద ప్రింటు తీసి సర్వర్ గదిలో అంటించండి. మీరు ఊళ్ళో లేకపోయినా ఇంకొకరు చేయగలగాలి.

☐ అప్లికేషన్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టు. సగం డేటా మీద కొత్త ఎంట్రీలు పడనివ్వకు
☐ బ్యాకప్ క్రాన్‌ను ఆపు. చెడిపోయిన డేటా మంచి కాపీల వరుసలోకి రాకూడదు
☐ ఏం పోయిందో, ఎప్పటి నుంచో ఇద్దరు కలిసి చూసి రాయండి
☐ యజమానికి ఫోన్: ఎప్పటిదాకా డేటా వస్తుంది, ఎన్ని గంటలు పడుతుంది. రిహార్సల్‌లో రాసుకున్న టైమే చెప్పు
☐ కొత్త డిస్క్ లేదా కొత్త సర్వర్ మీద రీస్టోర్. పాతదాని మీద వద్దు
☐ లెక్కలు, లాగిన్, ఒక రశీదు, ఒక ఫోటో
☐ అప్లికేషన్ తెరిచి, క్రాన్ తిరిగి పెట్టి, ఆ రాత్రి తట్టుడు వచ్చిందో లేదో చూడు

పాత డిస్క్‌ను మాత్రం వెంటనే ఫార్మాట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. పేరు, తేదీ రాసి కనీసం నెల రోజులు పక్కన ఉంచండి. మూడో వారంలో ఎవరో వచ్చి "సార్, ఆ రోజు మధ్యాహ్నం కట్టిన ఫీజు ఎక్కలేదు" అంటారు. అప్పుడు వెతకడానికి ఇంకో చోటు ఉండదు.